పచ్చి సున్నం, పాత ఇటుక

పాత బడికి మరమ్మతు చెయ్యాలని ఎవరు పిలిచినా నేను ముందు గోడ దగ్గరికి వెళ్ళను. నిచ్చెన అడుగుతాను. డాబా ఎక్కి, వాన నీళ్ళు ఎటు పోవాలని కట్టారో, ఇప్పుడు ఎటు పోతున్నాయో చూస్తాను. కింద హెడ్మాస్టరుగారు పగుళ్ళు చూపించాలని ఆరాటపడుతూ ఉంటారు. పగులు ఎక్కడికీ పోదండీ, ఉండండి అంటాను. తూములో ఇరుక్కున్న రబ్బరు బంతి, దాని పక్కనే మొలిచిన రావి మొక్క, వీటి సంగతి ముందు తేలాలి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న నీకు మొదటి పాఠం ఇదే. ఇటుకతో కట్టిన బడి వయసు మీదపడి కూలదు. నీళ్ళు దారి తప్పితే కూలుతుంది. దారి తప్పిన నీళ్ళను గోడలోనే బంధించేసే మరమ్మతు చేస్తే ఇంకా తొందరగా కూలుతుంది. నేను చూసినంతలో రెండో రకమే ఎక్కువ.

డాబా దిగాక గోడ చుట్టూ తిరుగు. అరుగు ఎంత ఎత్తుందో చూడు. కట్టిననాడు మూడు మెట్లు ఉండుంటాయి, ఇప్పుడు ఒకటే కనిపిస్తుంది. మిగతా రెండూ ఏమయ్యాయి? రోడ్డు వేసినప్పుడల్లా రోడ్డు లేచింది, ఆవరణలో గ్రావెల్ పోసినప్పుడల్లా నేల లేచింది, బడి మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. వానొస్తే నీళ్ళు బయటికి పోవు, గోడ మొదట్లో నిలుస్తాయి. ఇటుక ఆ చెమ్మను పైకి లాక్కుంటుంది. నడుమెత్తు దాకా గోడ నల్లబడి, దాని పైన తెల్లగా ఉప్పు తేలిందంటే లోపం డాబాలో లేదు, పునాది పక్కన ఉంది. చుట్టూ మట్టి తీసేసి పాత అరుగును బయటపెట్టి, నీళ్ళు కాలువలోకి పోయేలా వాలు ఇస్తే సగం పని అయిపోయినట్టే. ఇందులో తాపీతో పనే లేదు. పలుగూ పారా చాలు. అందుకే కాంట్రాక్టర్లకు ఇది నచ్చదు. బిల్లు చిన్నది.

నాకు ఈ పని నేర్పింది మా పెద్దమేస్త్రీ. ఆయనది గోదావరి ఒడ్డు ఊరే అయినా, కుర్రతనంలో చెన్నపట్నం వెళ్ళి పాత కట్టడాల మరమ్మతుల్లో చేయి తిప్పుకొని వచ్చాడు. ఎర్ర ఇటుక పని అంటే ఆయనకు హైకోర్టే. "1892లో పూర్తయింది. కట్టిన కాంట్రాక్టరు తెలుగువాడు, తాటికొండ నంబెరుమాళ్ చెట్టి" అని చెప్పేటప్పుడు ఆ కాంట్రాక్టరు తన మేనమామ అయినంత దర్జా పోయేవాడు. ఒకసారి రైలు ఖర్చులు తనే పెట్టుకొని నన్నూ, నాతోపాటు పని నేర్చుకుంటున్న ఇంకో కుర్రాణ్ణీ పంపించాడు. "గుమ్మటాలు చూసి నోళ్ళు తెరుచుకొని రాకండొరేయ్. ఇటుకకీ ఇటుకకీ మధ్య సందు చూసి రండి" అన్నాడు. చూసొచ్చాం. మర్నాడు పనిలోకి దిగితే మేం కడుతున్న గోడ మాకే నచ్చలేదు. ఆయనకు కావలసిందీ అదే. ఏమీ అడగలేదు, మాలు తట్ట ముందుకు తోశాడంతే.

ఇటుక సంగతి చెప్తాను. మా డెల్టాలో రాయి లేదు, ఒండ్రుమట్టి కావలసినంత ఉంది. అందుకే ఇక్కడి పాత బళ్ళలో ఎక్కువ ఇటుకవే. రెండు ఇటుకలు చెరో చేత్తో పట్టుకొని ఒకదానితో ఒకటి కొట్టు, ఖంగుమనాలి. బొంగురుగా పలికితే సరిగా కాలలేదన్నమాట. గోటితో గీస్తే గీత పడకూడదు. ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి తూచితే బరువు 20 శాతం కన్నా పెరగకూడదు, పుస్తకాల లెక్క కూడా ఇదే. పాత బడి ఇటుక కొలిస్తే 9 అంగుళాల పొడవు, 4½ అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం వస్తే అది పబ్లిక్ వర్క్స్ వాళ్ళు వాడించిన కొలత. ఇప్పటి మాడ్యులర్ ఇటుక 19 సెంటీమీటర్ల పొడవు, 9 వెడల్పు, 9 మందం. ఈ రెండూ ఒక వరసలో కలవవు. పాత గోడలో చెడిపోయిన ఇటుకలు మార్చాలంటే కొత్త బట్టీకి పరిగెత్తకు, చుట్టుపక్కల ఎవరు పాత ఇల్లు పడగొడుతున్నారో కనుక్కో. నేను అలాంటి ఇటుక ఎక్కడ కనిపించినా కొని పెట్టుకుంటాను. పెరట్లో ఆ గుట్ట చూసి మా ఆవిడ సణుగుతుంది. సణిగినా, దానిమీద బీరపాదు పాకించింది.

గోడ కట్టు చూడు. ఒక వరస మొత్తం ఇటుక పొడవు కనిపించేలా, దానిమీద వరస మొత్తం ఇటుక మూతి కనిపించేలా ఉంటే ఇంగ్లీషు బాండు. ఒకే వరసలో పొడవూ మూతీ మార్చి మార్చి ఉంటే ఫ్లెమిష్ బాండు. రెండోది చూడ్డానికి అందం, మొదటిది గట్టి. బరువు మోసే గోడకు ఇంగ్లీషు బాండే వేసేవాళ్ళు. బడి ముందు గోడకు ఫ్లెమిషూ, వెనక ఇంగ్లీషూ వేసిన చోట్లు నేను చూశాను. ఒక బడిలోనైతే ముందు వరండా స్తంభాలకు అర్ధచంద్రాకారపు ఇటుకలు ప్రత్యేకంగా అచ్చు పోసి కాల్పించారు, వెనక గోడలో కిటికీ ఎత్తు దాటాక ఇటుక రకమే మారిపోయింది. పెద్దమేస్త్రీ ఆ గోడ మీద చెయ్యి పెట్టి, "ఇక్కడిదాకా చందా. ఇక్కణ్ణుంచి అప్పు" అన్నాడు.

ఆయన మాట ఊహే గానీ, ఊరికే అన్నది కాదు. ఈ బళ్ళు కట్టిన తీరే అలాంటిది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కు పూర్తయింది. పొలాలకు నీళ్ళొచ్చాయి, పంట పెరిగింది, ఊళ్ళో నాలుగు డబ్బులు ఆడాయి. ఆ రోజుల్లోనే నరసాపురం వైపు సబ్ కలెక్టరుగా ఉన్న జి.ఎన్. టేలర్, రైతులు శిస్తుతోపాటు కొంచెం ఎక్కువ కట్టేలా ఒప్పించి ఊళ్ళలో బళ్ళు పెట్టించాడు. నరసాపురంలో ఇప్పటికీ టేలర్ హైస్కూలు ఉంది. 1854లో వుడ్స్ డిస్పాచ్ వచ్చాక, ఊరివాళ్ళు కొంత పెట్టుకుంటే సర్కారు కొంత గ్రాంటు ఇచ్చే పద్ధతి స్థిరపడింది. 1874లో కందుకూరి వీరేశలింగంగారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. కమిటీ, చందాలు, గ్రాంటు, జమీందారు ఇచ్చిన స్థలం, ఇవన్నీ కలిస్తే ఒక బడి. డబ్బు విడతలుగా వచ్చేది కాబట్టి గోడా విడతలుగా లేచేది. ఏ విడత ఎక్కడ ఆగిందో ఇటుకల్లో కనిపిస్తుంది.

శిలాఫలకం లేని బడి ఏనాటిదో తేల్చడానికి నాలుగు గుర్తులు చెప్తాను. మొదటిది పెంకు. మా వైపు బెంగుళూరు పెంకు అనే ఆ పెద్ద పెంకుల మీద బాసెల్ మిషన్, మంగుళూరు, 1865 అని అచ్చు ఉంటుంది. దాన్ని నమ్మి ఒక ఊళ్ళో బడికి ఉత్సవాల బ్యానరు కూడా కట్టేశారు. 1865 ఆ పెంకుల కార్ఖానా పెట్టిన ఏడు, బడి కట్టిన ఏడు కాదు. అదే రకం పెంకు మీద కామన్‌వెల్త్ అని ఉంటే మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతది. యుద్ధంలో ఆ మిషన్ కార్ఖానాలను ఇంగ్లీషు ప్రభుత్వం స్వాధీనం చేసుకొని కామన్‌వెల్త్ ట్రస్టుకు అప్పగించింది. రెండో గుర్తు ఇనుప దూలం. డార్మన్ లాంగ్ అని ఉబ్బెత్తు అక్షరాలుంటే ఇంగ్లండు నుంచి ఓడలో దిగిన సరుకు. టాటా ముద్ర ఉంటే 1912కు ముందుది అయ్యే అవకాశం లేదు. మూడోది సిమెంటు. 1904లో మద్రాసులో ఒక ప్రయత్నం జరిగి ఆగిపోయింది, 1914లో పోరుబందరు కార్ఖానా నడిచాకే మన దేశపు సిమెంటు బజారులో నిలబడింది. గోడ లోపలి అసలు కట్టులో సిమెంటు తగిలితే ఆ గది తర్వాత కలిపినదని దాదాపు ఖాయం. నాలుగోది కర్ర. టేకు దూలం కొనల మీద కొన్నిసార్లు వ్యాపారి ముద్ర ఉంటుంది. గోదావరి మీద తెప్పలు కట్టి దించిన మన్యం టేకూ ఉంది, బర్మా నుంచి వచ్చిందీ ఉంది. తేడా చెప్పేది మా వడ్రంగి ఆచారిగారు, నేను కాదు. ఆయన ఒక్క చీలిక తీసి వాసన చూసి చెప్తాడు.

తరగతి గదిలోకి వెళ్ళాక పైకి కాదు, బల్లల వైపు చూడు. బుద్ధిగా కట్టిన బడిలో వెలుతురు పిల్లల ఎడమవైపు నుంచి వస్తుంది, రాసే కుడిచేతి నీడ పలక మీద పడకూడదని. నల్లబల్ల గోడ ఏదో ముందే అనుకొని కిటికీలు పెట్టారు. ఇప్పుడు చాలాచోట్ల ఆ గోడను బీరువాలకు ఇచ్చేసి నల్లబల్లను ఎదురుగోడకు మార్చారు. వెలుతురు కుడివైపుకు వచ్చింది. కిటికీలు సరిపోవడం లేదు, ట్యూబులైట్లు వెయ్యాలి అని నన్నే అడుగుతారు. బల్లలు తిప్పండి చాలు అంటే నవ్వుతారు. పడమటి వరండా ఎందుకుందో, పైకప్పు దగ్గర గాలి గూళ్ళు ఎందుకున్నాయో మే నెల మధ్యాహ్నం అందులో కూర్చుంటే తెలుస్తుంది. ఆ గాలి గూళ్ళను పావురాలు వస్తున్నాయని సిమెంటుతో మూసేస్తారు. వల కొడితే పోయేదానికి!

ఇక సున్నం. పని అంతా ఇక్కడే ఉంది, నిదానంగా విను.

పాత రోజుల్లో కాకినాడ వైపు, పులికాట్ సరస్సు వైపు గుల్ల ఏరి కాల్చిన సున్నం దొరికేది. ఇప్పుడు మాకు వచ్చేది పిడుగురాళ్ళ రాతి సున్నం. బట్టీ నుంచి వచ్చిన గడ్డ ఎంత తాజాగా ఉంటే అంత మేలు. గాలి తగిలి బస్తాలోనే పిండయిపోయిన సున్నం కొనకు, అది సగం చచ్చింది. గడ్డను నీళ్ళలో వేస్తే కుతకుత ఉడుకుతుంది. నాతో చెన్నపట్నం వచ్చిన ఆ కుర్రాడు ఒకసారి గుంట తవ్వడానికి బద్ధకించి ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు పోసి గడ్డలు వేశాడు. డ్రమ్ము మెత్తబడి పక్కకు ఒరిగి, సున్నం అంతా హెడ్మాస్టరుగారి సైకిలు కింద పారింది. పెద్దమేస్త్రీ తిట్టలేదు. "గుంట తవ్వడానికి ఎంతసేపు పట్టును? సైకిలు కడగడానికి ఎంతసేపు పట్టింది?" అని అడిగాడు. ఆ కుర్రాడు ఇప్పుడు పెద్ద బిల్డరు, ప్లాస్టిక్ డ్రమ్ము మాటెత్తితే ఈనాటికీ ఫోను పెట్టేస్తాడు.

గుంటలో చల్లారాక జల్లెడ పట్టి, పైన ఎప్పుడూ నీళ్ళు నిలిచేలా ఉంచి నానబెట్టాలి. నెల కనీసం, మూడు నెలలు మంచిది. ఉడకని పలుకు ఒక్కటి మిగిలినా, పూత ఆరాక గోడలో ఉబ్బి చిన్న గుంట పెట్టి రాలిపోతుంది. నానిన సున్నాన్ని తాపీ మీద పెట్టి తాపీని తలకిందులు చెయ్యి. జారకపోతే తయారైనట్టు. ఈ పరీక్ష నాకు చూపింది సున్నపు బట్టీ మామ్మ. చదువు రాదు, తూకం రాళ్ళు కూడా నమ్మేది కాదు. చేత్తో నలిపి, ఇది కట్టుబడికి, ఇది పూతకు అని విడదీసేది. ఆమె వేరు చేసిన కుప్పల్ని నేను ఎప్పుడూ తిరిగి కలపలేదు.

మాలుకు మా లెక్క ఒక పాలు సున్నం, ఒక పాలు సుర్కీ, రెండు పాళ్ళు ఇసుక. సుర్కీ అంటే దంచిన ఇటుక పొడి. ఇందులో ఒక కిటుకు ఉంది. గోడకు పనికిరాదని పక్కన పెట్టిన సగం కాలిన ఇటుకే సుర్కీకి మంచిది. బాగా మాడిన ఇటుక పొడి వట్టి ఇసుకతో సమానం, సున్నంతో కలవదు. సుర్కీ కలిసిన మాలు చెమ్మలో కూడా గట్టిపడుతుంది. గానుగలో ఎడ్లతో తొక్కించిన కాలం పోయింది, ఇప్పుడు కరెంటు గ్రైండరు ఉంది. గ్రైండరు మీద నాకేమీ కోపం లేదు, బాగానే నలుగుతుంది. నీళ్ళు ఎక్కువ పొయ్యకుండా చూసుకోవాలి, అంతే. డాబా గచ్చుకు మాత్రం బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు చల్లుతాం. వారం దాటాక పులిసిన వాసన వస్తుంది, అప్పుడు వడకట్టాలి. బడిలో పనిచేస్తే ఈ బెల్లం కుండ మీద కన్నేసి ఉంచు. చీమల కన్నా ముందు పిల్లలొస్తారు. నవ్వు వచ్చే మాటే గానీ, పక్కనే సున్నం గుంట ఉంటుంది. సున్నం కంట్లో పడితే చూపు పోతుంది. గుంటకు కంచె లేకుండా నేను పని మొదలుపెట్టను. పక్కన రెండు బిందెల మంచినీళ్ళు ఎప్పుడూ ఉండాలి. పడిన వెంటనే ధారగా పోస్తూనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

సిమెంటుతో నీకేం పేచీ అని ఇంజనీర్లు అడుగుతారు. కొత్త శ్లాబుకు నేనూ సిమెంటే వాడతాను. పాత ఇటుక గోడకు అది పడదు. సున్నం ఇటుక కన్నా మెత్తన. గోడ కాస్త కదిలినా సున్నమే నలుగుతుంది, ఇటుక బతుకుతుంది. గోడలో ఎక్కిన చెమ్మ సున్నపు పూతలోంచి బయటికి ఆరిపోతుంది. దానిమీద సిమెంటు పూత వెయ్యడం తడిసిన చొక్కా మీద రెయిన్‌కోటు తొడుక్కోవడమే. ఒక జిల్లా పరిషత్తు బడిలో ఇదే జరిగింది, ఊరి పేరు వద్దు. కాంట్రాక్టరు పాత గారంతా గొడ్డళ్ళతో చెక్కించి, సిమెంటు పూసి, ఎనామిల్ రంగు వేసి అప్పగించాడు. ప్రారంభోత్సవం నాడు అద్దంలో ముఖం చూసుకోవచ్చు అన్నారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి పూత పలకలు పలకలుగా ఊడింది. ఊడుతూ ఇటుక ముఖాన్ని కూడా పీక్కుపోయింది. ఇటుకకు బయటి ముఖమే గట్టి, బట్టీలో మంట తగిలేది అక్కడే. అది పోయాక లోపలిది వేలితో గీకితే రాలుతుంది. మమ్మల్ని పిలిచేనాటికి గోడ మందంలో అంగుళం పైన పోయింది. ఆ బడిని నిలబెట్టాం గానీ, ముందు గోడ చూస్తే నాకు ఇప్పటికీ ఉసూరుమంటుంది. అచ్చు పోసిన ఆ పాత ఇటుకల అంచులు ఇంక రావు.

డాబా పని ఇంకో ఎత్తు. మద్రాసు టెర్రసు అంటారు. గోడకూ గోడకూ టేకు దూలాలు, వాటి మీద దంతెలు, దంతెకూ దంతెకూ మధ్య అడుగున్నర. దంతెల మీద సన్న ఇటుకలు. ఇవి మామూలు ఇటుకలు కావు, 6 అంగుళాల పొడవు, 3 వెడల్పు, 1 మందం. వీటిని అంచు మీద నిలబెట్టి, గది మూల నుంచి ఐమూలగా వరసలు కట్టుకుంటూ పోతారు. కింద సెంట్రింగు ఉండదు. మాలు పట్టుతోనే ఒక వరస ముందు వరసను పట్టుకొని నిలుస్తుంది. కొత్తవాడు నమ్మడు. అందుకే కొత్తవాణ్ణి ముందు కింద నిలబెట్టి చూడమంటాను. ఆ ఇటుకల మీద సున్నం కలిపిన ఇటుక కంకర 3 అంగుళాలు, దానిమీద పలుచని పెంకు బిళ్ళలు మూడు వరసలు, ఆపైన గచ్చు.

ఆ కంకరను పరిచాక మూడు రోజులపాటు కొట్టాలి. ఈ పని ఆడవాళ్ళది. వరసగా గొంతుక్కూర్చుని చెక్కలతో ఒకే దరువు మీద కొడతారు, నడుమ నడుమ బెల్లం నీళ్ళు చిలకరిస్తారు. పాట ఆగిందంటే దరువు చెదురుతుంది, దరువు చెదిరితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. చెక్క దిగకుండా ఎగిరి వెనక్కి వచ్చిందా, చాలు. ఎక్కడ చాలో ముందుగా తెలిసేది వాళ్ళకే, మేస్త్రీకి కాదు. నేను డాబా మీదకు ఎక్కి "ఇంకా కొట్టండమ్మా" అంటే, ఒకామె చెక్క నా చేతికిచ్చి "నువ్వే కొట్టు నాయనా" అంది. కొడితే ఎగిరింది. దిగి వచ్చేశాను. కూలీ లెక్కల్లో వాళ్ళను ఆడకూలీలని రాస్తారు. చేసేది మాత్రం మేస్త్రీ పని. నా పుస్తకంలో వాళ్ళ రేటు వేరే రాస్తాను.

నాకు మొదట పేరొచ్చింది కూడా డాబా మీదే. ఒక హైస్కూల్లో మూల గది కారుతోంది. అంతకు ముందు ఎవరో డాబా అంతటా సిమెంటు పోత పోశారు. కారడం తగ్గలేదు సరికదా, బరువు పెరిగి దంతెలు వంగాయి. పెద్దమేస్త్రీ ఆ మూల నాకు అప్పగించి తను వరండాలో స్తంభాల దగ్గర కూర్చున్నాడు. సిమెంటు పోత ముక్కలు ముక్కలుగా తీయించాను. సమ్మెట వాడనివ్వలేదు, చిన్న ఉలులే. దంతెల కొనలు సూదితో పొడిచి చూస్తే గోడలోకి దిగిన చోట రెండు చివికిపోయాయి. చెమ్మ గోడలో మూసి ఉంచిన కర్ర కొనే ముందు పోతుంది. ఆచారిగారు పుచ్చు భాగం కోసి పాత టేకు ముక్కనే అతికాడు. కొన చుట్టూ గాలి ఆడేలా సందు వదలమని చెప్పిందీ ఆయనే. ఐమూల వరసలు నేనే కట్టాను. గచ్చు ఆరాక తూములు మూసి నీళ్ళు నిలబెట్టాం. కింద ఒక్క చుక్క లేదు. పెద్దమేస్త్రీ వచ్చి తల పైకెత్తి చూసి, బీడీ వెలిగించుకొని వెళ్ళిపోయాడు. మెచ్చుకోలు మాట ఒక్కటి లేదు. ఆ శనివారం బట్వాడా పుస్తకంలో మాత్రం నా పేరు పక్కన కూలీ రేటు కొట్టేసి మేస్త్రీ రేటు రాసి ఉంది.

పగుళ్ళ గురించి ఒక్కమాట. పగులు కనిపించగానే పూడ్చకు. దానికి అడ్డంగా సన్నని గాజు ముక్క అంటించి పక్కన తేదీ రాయి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతోంది, పగలకపోతే అది పాత గాయం. నల్లరేగడి నేల మీద కట్టిన బడి మే నెలలో విచ్చుకొని ఆగస్టులో మూసుకుంటుంది. ఏడాది చూడకుండా దాన్ని పూడిస్తే పక్కన ఇంకో పగులు పుడుతుంది.

ఈ పనికి అసలు శత్రువు క్యాలెండరు. బడి ఖాళీగా ఉండేది వేసవి సెలవుల్లోనే. సున్నానికి పడనిదీ వేసవి ఎండే. సున్నం గాలిని పీల్చుకుంటూ మెల్లగా మళ్ళీ రాయి కావాలి, దానికి తడి ఉండాలి. ఎండకు గబుక్కున ఆరితే పొడి రాలుతుంది. అందుకని తడి గోనెసంచులు కప్పుతాం, తెల్లవారకముందే పూత మొదలుపెట్టి పదింటికల్లా ఆపేస్తాం, సాయంత్రం మళ్ళీ నీళ్ళు చల్లుతాం. పడమటి గోడ పూత మధ్యాహ్నం ముట్టుకోం. అధికారులు వచ్చేది మధ్యాహ్నమే, పని ఆగి ఉందని రాసుకొని పోతారు. ఇంకో చిక్కు మార్చి 31. డబ్బు మంజూరయ్యేది ఫిబ్రవరిలో, బిల్లు పెట్టాల్సింది మార్చిలో. మూడు నెలలు నానాల్సిన సున్నానికి ఆ లెక్కలో చోటు లేదు, సిమెంటుకు ఉంది. నేను పనిచేసిన చోట చాలా అంచనాల్లో సున్నానికి రేటే కనిపించలేదు. లేని రేటుకు బిల్లు రాయలేమంటారు. వాళ్ళ తప్పు కూడా కాదు, ఆడిట్ వాళ్ళకు జవాబు చెప్పాలి కదా.

ఆంధ్రలో 2019లో నాడు-నేడు వచ్చింది, తెలంగాణలో 2022లో మన ఊరు - మన బడి వచ్చింది. మరుగుదొడ్లు, మంచినీళ్ళు, బల్లలు, రంగులు. పిల్లలకు అవన్నీ కావాలి, కాదనను. పాత భవనం ఉన్న చోట మాత్రం నాదొక్కటే మనవి. పడగొట్టాలని తీర్మానం రాసేముందు సున్నం తెలిసిన మనిషికి ఒకసారి చూపించండి. 18 అంగుళాల గోడ, టేకు దంతెలు ఉన్న గది శిథిలమని రాసినంత మాత్రాన శిథిలం కాదు. నిజంగానే పడగొట్టక తప్పకపోతే ఇటుకలు, దంతెలు, పెంకులు తుక్కు కింద వేలం వెయ్యకండి. పక్క ఊరి బడికి అవే మందు.

నీకు చెప్పేది ఇంతే. సున్నం పని నేర్చుకోవాలని ఉంటే సంక్రాంతి దాటాక రా. సెలవులనాటికి నానాలి కాబట్టి గుంటలు అప్పుడే నింపుతాం. తాపీ నీది నువ్వే తెచ్చుకో, మొదటి నెల దానికి పని ఉండదు, పారే పట్టాలి. కూలీ మాత్రం మొదటి రోజు నుంచీ ఇస్తాను.